పిలుపు లేకుండా మెరిట్ ఎట్లా రుజువవుతుంది?

టెన్నిస్ గురించి దళిత పత్రికలో రాయడమేంటని కొందరు మిత్రులు అడగొచ్చు. మెరిట్ మాట ఎక్కడ పుట్టి ఎట్లా పనిచేస్తుందో చూడడానికి ఇంతకంటే మంచి చోటు మాకు కనిపించలేదు.

అమెరికాలో ఆ ఆటని నడిపే జాతీయ సంఘం 1881లో ఏర్పడింది. ఎవరి ఎంట్రీ తీసుకోవాలి, ఎవరికి ర్యాంకు ఇవ్వాలి అన్నీ దాని చేతిలోనే. 1929లో రెజినాల్డ్ వీర్, జెరాల్డ్ నార్మన్ అనే ఇద్దరు నల్ల కుర్రాళ్లను జూనియర్ ఇండోర్ పోటీల్లో ఆడనివ్వలేదు. ఎందుకని అడిగితే, నల్లవాళ్ల ఎంట్రీలు తీసుకోకపోవడమే తమ విధానమని దాపరికం లేకుండా జవాబిచ్చింది.

1950 నాటికి జవాబు మారింది. కౌలు రైతుల బిడ్డ ఆల్తియా గిబ్సన్ అప్పటికే ఆ సంఘం ఇండోర్ పోటీల్లో ఫైనల్ దాకా వెళ్లింది. అయినా ఫారెస్ట్ హిల్స్‌లో ఆడాలంటే ముందు తూర్పు ప్రాంతపు పెద్ద టోర్నమెంట్లలో సత్తా చూపాలన్నారు. ఆ టోర్నమెంట్లేమో చాలావరకు ప్రైవేటు క్లబ్బులవి, పిలిస్తేనే వెళ్లాలి. క్లబ్బు పిలవదు, సంఘం రుజువు అడుగుతుంది. ఎవరూ వద్దనలేదు, కానీ ఆమె బయటే! ఇంటర్వ్యూ బోర్డుల ముందు కూర్చున్న మనవాళ్లకి ఈ మెలిక వివరించక్కర్లేదు.

ఈ మెలికను ఆ జులైలో ఆలిస్ మార్బుల్ అనే తెల్ల చాంపియన్ పత్రికలో బయటపెట్టింది. ఆగస్టులో గిబ్సన్ ఫారెస్ట్ హిల్స్‌లో ఆడింది. 1957లో వింబుల్డన్, అమెరికా టైటిళ్లు రెండూ గెలిచింది. కథ చెప్పేవాళ్లంతా మార్బుల్ దగ్గరే ఆగిపోతారు. ఆమె రాత విలువని మేం కాదనం. కానీ 1916లోనే నల్లవాళ్లు సొంత సంఘం పెట్టుకుని, సొంత పోటీలు నడిపారు కదా! గిబ్సన్‌ని ఇంట్లో పెట్టుకుని చదివించి ఆడించిన ఈటన్, జాన్సన్ ఇద్దరూ నల్ల డాక్టర్లే. తలుపు తీసినవాళ్ల పేరు మిగిలింది, ముప్పై ఏళ్లుగా తట్టినవాళ్ల పేరు పోయింది.

మన దేశం సంగతీ ఒకటుంది. 1974లో డేవిస్ కప్ ఫైనల్‌కి చేరిన భారత జట్టు, జాతి వివక్ష పాటించే దక్షిణాఫ్రికాతో ఆడకుండా కప్పునే వదులుకుంది. అది సరైన పనే, మేం గర్వపడతాం. అయితే 1920 నుంచీ ఉన్న మన టెన్నిస్ సంఘాన్ని ఒక్కటి అడగాలి: క్లబ్బు కోర్టుల్లో బంతులు ఏరే, రోలరు లాగే పిల్లలు ఏ వాడల నుంచి వస్తున్నారు, వాళ్లలో ఎందరికి రాకెట్టు అందింది?