సుబ్బారావుగారి పరిశోధన పత్రములు: ఉల్లేఖనముల లెక్క

శాస్త్రజ్ఞుని గొప్పతనమును కొలవడానికి నేడు ఒక సులభమైన పద్ధతి వాడుకలో ఉన్నది. అతడు ఎన్ని పరిశోధన పత్రములు ప్రకటించాడు, వాటిని ఇతరులు తమ పత్రములలో ఎన్నిసార్లు పేర్కొన్నారు అని లెక్కిస్తారు. ఇట్లా ఒక పత్రము మరొక పత్రమును పేర్కొనుటయే ఉల్లేఖనము. ఈ ఉల్లేఖనములకు ఒక సూచిక ఉండవలెనని 1955లో అమెరికాలో యూజీన్ గార్‌ఫీల్డ్ ప్రతిపాదించాడు. 1964లో ‘సైన్సు సైటేషన్ ఇండెక్సు’ వెలువడినది. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు ‘హెచ్-సూచిక’ను ప్రవేశపెట్టాడు. ఒకరి పత్రములలో 10 పత్రములు ఒక్కొక్కటి కనీసము 10 సార్లు ఉల్లేఖింపబడి, 11 పత్రములకు 11 సార్లు చొప్పున లేకపోతే, వారి సూచిక 10. ఉద్యోగములు, పరిశోధన నిధులు ఇచ్చేటప్పుడు ఈ అంకెలను చూడడము పరిపాటి అయినది.

ఈ కొలబద్ద ఎంతవరకు నమ్మదగినది? భీమవరములో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి విషయములో దీనిని పరీక్షించి చూద్దాము.

సుబ్బారావుగారి పత్రములలో ఉల్లేఖనములకు పేరెన్నికగన్నది 1925లో హార్వర్డులో ఫిస్కేతో కలసి ప్రకటించినది. శరీర ద్రవములలో భాస్వరము ఎంత ఉన్నదో కనుగొనే పద్ధతి అందులోని విషయము. ఫాస్ఫేటుకు ఆమ్లము, మాలిబ్డేటు చేర్చి క్షయకరణము చేస్తే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరము అంత ఎక్కువ. ప్రపంచమంతటా ప్రయోగశాలలు ఈ పద్ధతిని వాడుకున్నాయి. వాడినవారెల్ల ఆ పత్రమును పేర్కొన్నారు. అందుచేత ఉల్లేఖనములు వేల సంఖ్యకు చేరినవి.

ఇందులో వింత ఏమీ లేదు. ప్రోటీనులను కొలిచే పద్ధతిని తెలిపిన లౌరీ పత్రము (1951) 2014 నాటికి 3 లక్షలకు పైగా ఉల్లేఖనములతో అన్నిటికంటే ముందున్నది. పనిముట్టు వంటి పత్రమును పనివారందరూ పేర్కొంటారు. కాబట్టి ఈ అంకె ముఖ్యముగా వాడుకను చెపుతుంది. శాస్త్రములో అది తెచ్చిన మార్పును వేరుగా పరిశీలించవలెను.

ఆ మార్పు తరువాత వచ్చినది. కండరముల సారములో నీలిరంగు వెంటనే రాక, మెల్లగా చిక్కబడడము వారు గమనించారు. ఆమ్లములో సులభముగా విడిపోయే ఒక భాస్వర పదార్థము అందులో ఉన్నదని గ్రహించి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను ప్రకటించారు. 1929లో ఎ.టి.పి.ని కనుగొన్నారు; అదే సంవత్సరము జర్మనీలో లోమన్ కూడా దానిని కనుగొన్నాడు. నేడు ఎ.టి.పి. గురించి వ్రాసేవారు ఈ పత్రములను పేర్కొనరు. పాఠ్యపుస్తకములోనికి ఎక్కిన విషయమునకు ఉల్లేఖనము అవసరమని ఎవరికీ తోచదు. బాగా స్థిరపడిన సత్యము ఈ లెక్కలోనుంచి జారిపోతుంది.

అచ్చుకాని పని అసలే లెక్కకు రాదు. సుబ్బారావుగారు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడులను ఫిస్కే వెలుగు చూడనీయలేదనీ, ఇతరులు వాటిని మళ్ళీ కనుగొనవలసివచ్చిందనీ వారి సహచరుడు, 1988 నోబెల్ బహుమతి గ్రహీత జార్జి హిచింగ్స్ చెప్పాడు.

1940లో సుబ్బారావుగారు లెడర్లీ సంస్థలో చేరి పరిశోధనలకు నాయకత్వము వహించారు. 1945లో ఫోలికామ్ల సంశ్లేషణను ప్రకటించిన పత్రముపై 16 మంది పేర్లున్నవి, వారిలో వీరొకరు. ఫోలికామ్లమునకు విరోధి అయిన అమినాప్టెరిన్ అక్కడే తయారైనది. దానితో పిల్లల రక్తక్యాన్సరు తాత్కాలికముగా తగ్గినదని 1948లో ఫార్బర్ ప్రకటించిన పత్రములో రచయితలుగా వైద్యుల పేర్లే ఉన్నవి. సుబ్బారావుగారి పేరు లేదు. ఆ సంవత్సరము ఆగస్టులోనే వారు మరణించారు.

ఇంతమాత్రాన మనము రెండవ తప్పు చేయరాదు. అన్నీ సుబ్బారావుగారొక్కరే కనుగొన్నారని మన వ్యాసములలో, సభలలో తరచు చెప్పుతాము. ఆరియోమైసిన్‌ను కనుగొన్నది డగ్గర్. బోదకాలుకు ఇచ్చే డి.ఇ.సి. మందు ఒక బృందము చేసిన పని. దారి చూపి, మనుషులను కూర్చి పనిచేయించడము సుబ్బారావుగారి ఘనత. ఉల్లేఖనముల లెక్క ఆయనకు తక్కువ ఇస్తే, మన పొగడ్త ఇతరుల వాటాను కూడా ఆయనకే ఇస్తున్నది. రెండూ పత్రములను చదవకుండా చేసే పనులే.

తిరుమలగిరి వంటి చోట ప్రభుత్వ పాఠశాలలో పిల్లలకు వారానికొకసారి ఇచ్చే ఇనుము మాత్రలో ఫోలికామ్లము ఉంటుంది. ఆ ఊరు 2016 వరకు ఉన్న నల్లగొండ జిల్లాలో బోదకాలు నివారణకు డి.ఇ.సి. మాత్రలు పంచారు. మాత్ర మింగినవారు ఏ పత్రమునూ ఉల్లేఖించరు. వారి ఆరోగ్యము ఏ సూచికలోనూ చేరదు.

అందుచేత ఉపాధ్యాయులు ఒక శాస్త్రజ్ఞుని గురించి చెప్పేటప్పుడు మూడు ప్రశ్నలు విద్యార్థులచేత వేయించడము మంచిది. ఆ పత్రమును ఇతరులు దేనికోసము పేర్కొన్నారు? దానిపై ఎవరి పేర్లున్నవి, పనిచేసినవారిలో ఎవరి పేర్లు లేవు? ఆ పనివల్ల రోగికి ఏమి మేలు కలిగినది? సమాధానములు దొరికిన తరువాత అంకెను చూడవచ్చును. అప్పుడది ఏమి చెపుతున్నదో, ఏమి చెప్పడము లేదో విద్యార్థికి తెలుస్తుంది.