పుర్రె ముక్కలు ఎవరు అతికించారు?

ఆర్థర్ కీత్ 1915లో రాసిన ‘ది యాంటిక్విటీ ఆఫ్ మ్యాన్’ని శాస్త్రమంటారు. మేం అడిగేది అందులోని పిల్ట్‌డౌన్ పుర్రె గురించే. 1912లో ఇంగ్లండులో చూపించిన ఆ ముక్కల్నే అతికించి, మెదడు 1070 ఘనపు సెంటీమీటర్లని వుడ్‌వర్డ్ అంటే, కీత్ 1500 దాకా లాగాడు. ఎముక అదే, అతికించే చెయ్యి వేరు! 1925లో దక్షిణాఫ్రికా టౌంగ్ పిల్ల పుర్రెని మాత్రం గొరిల్లా, చింపాంజీల గుంపులో పడేశాడు. పిల్ట్‌డౌన్ దవడ ఒరాంగుటాన్‌దని, రంగేసి పళ్లు అరగదీశారని 1953లో గానీ తేల్లేదు.

పుర్రెలు కొలిచిన ఈ విద్యనే రిస్లీ మన దేశంలో బతికున్నవాళ్ల ముక్కుల మీద పెట్టి కులాలకు మెట్లు కట్టాడు. 1948లో ‘ది అన్‌టచబుల్స్’లో అంబేద్కర్ ముక్కు కొలతల లెక్కలే తీసి, వీటిని నమ్మేట్లయితే బ్రాహ్మలూ అంటరానివాళ్లూ ఒకే జాతి గదా అన్నారు. ఆ ‘నమ్మేట్లయితే’ని మనవాళ్లే చాలామంది చదవకుండా దాటేస్తున్నారు.