గోడ ఎవరిది, చెయ్యి ఎవరిది, ముఖం ఎవరిది? హైదరాబాదు వీధి చిత్రాలపై ఒక పరిశీలన

వీధి గోడల మీది బొమ్మల గురించి రాసేవాళ్ళు రంగుల పొందికతో మొదలుపెట్టి చిత్రకారుడి ఊహాశక్తి దగ్గర ఆపేస్తారు. గోడ గురించి మాట్లాడరు. కాగితం మీద వేసిన బొమ్మని చూసి ఆ కాగితం ఎవరిదని అడగనక్కర్లేదు. గోడ సంగతి అట్లా కాదు. గోడకి ఒక సొంతదారుంటాడు. దాని ముందు ఒక దారి ఉంటుంది. ఆ దారిన ఎవరు నడవాలి, ఎట్లా నడవాలి అనేదానికి ఈ దేశంలో చాలా పాత చరిత్ర ఉంది. చెప్పులు చేతబట్టుకుని ఊరి వీధి దాటిన మనుషుల పిల్లలకి గోడ ఒట్టి గోడలాగా కనపడదు. అందుకని బొమ్మ బాగుందా లేదా అని తేల్చేముందు మూడు ప్రశ్నలు అడగాలని నా ప్రతిపాదన. గోడ ఎవరిది? గీసిన చెయ్యి ఎవరిది? గీసిన ముఖం ఎవరిది? ఈ మూడూ అడక్కుండా చేసే వీధి చిత్ర విమర్శ గ్యాలరీ విమర్శనే ఎండలోకి తెచ్చి నిలబెట్టడం అవుతుంది తప్ప వీధి విమర్శ కాదు.

ఈ ప్రశ్నలు నాకు పుస్తకాల్లో దొరకలేదు. మా చిన్నాయన గోడలు రాసేవాడు. జాజు, నీలిమందు, సున్నం, రెండు మూడు కుంచెలు, ఒక నిచ్చెన. ఆయన ఆస్తి అంతే. ఎన్నికలొస్తే అన్ని పార్టీలకీ రాసేవాడు. పార్టీలవాళ్ళు ముందే గోడకి సున్నం కొట్టించి, మూలన పేరు రాయించి, ఈ గోడ మాది అని ఆపి పెట్టుకునేవాళ్ళు. మిగతా రోజుల్లో పురుగుమందుల ప్రకటనలు, సిమెంటు ప్రకటనలు. మా ఊళ్ళో ఒక పెద్ద రైతు ఇంటి ప్రహరీకి వారం రోజులు ప్రకటన రాశాడు. దాహమేస్తే ఆ ఇంటివాళ్ళు దోసిట్లోకి పైనించి నీళ్ళు పోసేవాళ్ళు. గోడకి ఆయన చెయ్యి తగలొచ్చు, చెంబుకి తగలకూడదు. గోడ ఎవరిది, చెయ్యి ఎవరిది అన్నది వేర్వేరు ప్రశ్నలని నాకు తెలిసింది అక్కడే.

ఏప్రిల్ వస్తే మాత్రం ఆయన మా వాడ మలుపులో అంబేద్కర్ బొమ్మ వేసేవాడు. దానికి కూలి లేదు. క్యాలెండర్ బొమ్మ మీద పెన్సిలుతో గళ్ళు గీసి, గోడ మీద నీలిమందు అద్దిన దారంతో పెద్ద గళ్ళు కొట్టి, ఒక్కో గడి నింపుకుంటూ పోయేవాడు. కోటు, టై, చేతిలో పుస్తకం అన్నీ అయినాక, కళ్ళద్దాలు చివర్న పెట్టేవాడు. "అద్దాలు పెట్టినాకనే సారు మనల్ని చూస్తడు" అనేవాడు. వానలకి ఆ బొమ్మ వెలిసిపోయేది. మళ్ళీ ఏప్రిల్‌కి కొత్తది. ఆ గోడ మాది, ఆ చెయ్యి మాది, ఆ ముఖం మాది. మూడు ప్రశ్నలకీ ఒకటే జవాబు వచ్చిన గోడ నా చిన్నతనంలో అదొక్కటే.

ఇప్పుడు నగరానికి వద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో ఒక చట్టం వచ్చింది. బహిరంగ ప్రదేశాలను వికృతం చేయకుండా, అసభ్య పోస్టర్లు అంటించకుండా చూడడం దాని ఉద్దేశం. 'వికృతం' అనే మాటని గమనించాలి. అనుమతి లేని రాత వికృతం, అనుమతి ఉన్న రాత అందం. చట్టం అందరికీ ఒకటే అంటారు. నిజమే. కానీ అనుమతి తెచ్చుకునే శక్తి అందరికీ ఒకటి కాదు గదా. ఆ తర్వాత ఫ్లెక్సీ వచ్చింది. ఒక్క రాత్రిలో వంద బొమ్మలు అచ్చు వేసే యంత్రం ముందు కుంచె నిలబడలేదు. గోడలు రాసి బతికిన చేతుల్లో చాలావరకు అపార్ట్‌మెంట్లకి రంగులు వేసే కూలి చేతులైనాయి. మా చిన్నాయన కూడా అట్లాగే పట్నం చేరాడు. సరిగ్గా ఆ చేతులు గోడల మీంచి తప్పుకున్నాకనే నగరానికి గోడ చిత్రం 'కళ'గా కనపడడం మొదలైంది.

హైదరాబాదులో 2016 ఈ విషయంలో చాలా ముఖ్యమైన సంవత్సరం. ఆ ఒక్క ఏడాదిలోనే ఈ నగరం రెండు రకాల గోడల్ని చూసింది.

మొదటిది జనవరిలో. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో శిక్ష వేసి హాస్టళ్ళ నుంచి పంపించేసిన ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులు క్యాంపస్ షాపింగ్ కాంప్లెక్సు దగ్గర ఆరుబయట గుడారం వేసుకున్నారు. దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. గది ఖాళీ చేసి వస్తూ రోహిత్ వేముల అంబేద్కర్ పటాన్ని మోసుకొస్తున్న ఫోటో తర్వాత దేశమంతా చూసింది. జనవరి 17న రోహిత్ మనకు దక్కకుండా పోయాడు. ఆ వెలివాడకి ఇటుక గోడ లేదు. అంబేద్కర్, పూలే, సావిత్రీబాయిల పటాలూ బ్యానర్లే దాని గోడలు. గోడల నుంచి వెలివేస్తే బొమ్మలతోనే గోడ కట్టుకున్నారు. హైదరాబాదు వీధి చిత్రకళ చరిత్ర రాసేవాళ్ళెవరూ వెలివాడని అందులో చేర్చరు. నా దృష్టిలో ఆ చరిత్ర అక్కడినించే మొదలు కావాలి.

రెండోది నవంబరులో. స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ అనే సంస్థ ఆధ్వర్యంలో వీధి చిత్రాల పండగ జరిగింది. రాజ్‌భవన్ రోడ్డుకీ నెక్లెస్ రోడ్డుకీ మధ్య ఇరుకు సందుల బస్తీ ఎం.ఎస్. మక్తాని అందుకు ఎంచుకున్నారు. బయటి నగరాల నుంచీ దేశాల నుంచీ వచ్చిన చిత్రకారులు చిన్న చిన్న ఇళ్ళ గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేశారు. ఆ సందులకి 'మక్తా ఆర్ట్ డిస్ట్రిక్ట్' అని పేరొచ్చింది. నేను చాలాసార్లు ఆ సందుల్లో తిరిగాను. బొమ్మలు బాగున్నాయి. ఆ మాట దాచి రాస్తే అది నిజాయితీ ఉన్న విమర్శ కాదు. బస్తీ పిల్లలు ఆ బొమ్మలకి ఆనుకుని ఆడుకుంటారు. ఎన్నడూ ఎవరూ రంగు వేయని గోడకి రంగు రావడం చిన్న విషయమేం కాదు. బస్తీవాళ్ళకి అందం ఎందుకు, ముందు మోరీలు బాగుచేయండి అనే వాదన కూడా నాకు నచ్చదు. పేదవాడికి తిండి చాలు, అందం అక్కర్లేదు అనేది పెద్దకులపోళ్ళ మాటే.

మరి సమస్య ఎక్కడుంది? గోడ బస్తీది. చెయ్యి బయటిది. చూసే కన్ను కూడా బయటిదే. కెమెరాలు పట్టుకుని వచ్చినవాళ్ళకి గోడ కనపడుతుంది, గోడ వెనక ఇల్లు కనపడదు. ఏ బొమ్మ వేయాలన్న ఆలోచన బస్తీ లోపల పుట్టలేదు. గోడ ఇచ్చినవాళ్ళకి బొమ్మలో మాట లేకపోతే ఆ గోడ అద్దెకిచ్చిన గోడే. మా ఊరి పెద్ద రైతు కనీసం ప్రకటన కంపెనీ దగ్గర అద్దె తీసుకున్నాడు.

ఇది ఒక్క హైదరాబాదు సంగతి కాదు. మద్రాసు నదుల ఒడ్డు గుడిసెల నుంచి తొలగించిన కుటుంబాల్ని 2000 నుంచి నగరం అంచున కన్నగి నగర్ అనే కాలనీకి చేర్చారు. 2020లో అదే సంస్థ ఒక రంగుల కంపెనీ తోడుతో ఆ కాలనీ బ్లాకుల మీద పెద్ద పెద్ద చిత్రాలు వేయించింది. కన్నగి నగర్ అని చెప్తే పని ఇవ్వడానికి వెనకాడేవాళ్ళున్న చోట, ఆ పేరుకి పడిన మచ్చ కొంతైనా తగ్గాలన్న కోరికలో మంచి ఉంది. అయితే మచ్చ ఎవరు వేశారనేది బొమ్మ చెప్పదు. మనుషుల్ని ఊరి బయటికి నెట్టడం ఒక పని, నెట్టిన చోటుకి రంగులు వేయడం ఇంకో పని. రెండో పని చూసి మొదటిది మరిచిపోకూడదు.

మళ్ళీ హైదరాబాదుకి వస్తే, 2017 నవంబరులో ఇక్కడ ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. అతిథులు తిరిగే దారుల్లో గోడలకి కొత్త రంగులు పడ్డాయి. అదే నెలలో నగరంలో అడుక్కోవడాన్ని పోలీసులు నిషేధించారు. రోడ్ల మీది బిచ్చగాళ్ళని పట్టుకుపోయి జైళ్ళ ఆవరణల్లోని షెల్టర్లలో ఉంచారు. గోడ మీదికి బొమ్మ ఎక్కింది, గోడ కింది మనిషి దిగిపోయాడు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడని సౌందర్య శాస్త్రం మనకెందుకు?

ముఖం సంగతి చూద్దాం. ఫ్లైఓవర్ స్తంభాల మీదా ప్రభుత్వ ఆఫీసుల ప్రహరీల మీదా బతుకమ్మ, బోనం, చార్మినార్, తలపాగా రైతు, డప్పు కొట్టే మనిషి కనపడతారు. ఒక స్తంభం మీది డప్పు బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాను. మోచేతి మడత, పుల్ల పట్టుకున్న వేళ్ళు బాగా వచ్చాయి. ముఖం మాత్రం లేదు. ముఖం ఉండాల్సిన చోట నున్నటి రంగు. దాన్ని ఆధునిక శైలి అనొచ్చు. కానీ డప్పుకి కులం ఉంది. చావుకీ జాతరకీ పిలిచినప్పుడు కొట్టాల్సిన వెట్టిగా మాదిగల మీద పడిన డప్పు అది. 1994లో మొదలైన దండోరా ఉద్యమం అదే డప్పుని ఆత్మగౌరవ చిహ్నంగా తిప్పి పట్టుకుంది. ఈ రెండు చరిత్రలూ తీసేస్తే మిగిలేది 'జానపద సంస్కృతి'. ముఖం లేని డప్పు ఎవరికైనా చెందుతుంది. అంటే కొట్టినవాడికి తప్ప అందరికీ చెందుతుందని అర్థం. ఆ స్తంభం చుట్టూ పొద్దున్నే ఊడ్చే మనుషులు ఎవరో, ఏ కులాలవాళ్ళో మనకు తెలుసు. 2020లో కరోనా వచ్చినప్పుడు చాలా నగరాల్లో డాక్టరు, పోలీసు పక్కన పారిశుధ్య కార్మికుల్ని కూడా గోడలెక్కించి 'యోధులు' అన్నారు. గోడ మీద యోధుడు, హాజరు పట్టీలో కాంట్రాక్టు కూలీ.

నల్లవాళ్ళ చరిత్రలో ఒక గోడని ఇక్కడ గుర్తు చేసుకోవడం అవసరం. 1967లో చికాగో దక్షిణ భాగంలో, నల్లవాళ్ళ పేటలో, పాడుబడుతున్న ఒక భవనం గోడ మీద నల్ల చిత్రకారుల బృందం తమ నాయకుల్నీ ఆటగాళ్ళనీ పాటగాళ్ళనీ చిత్రించింది. దాని పేరు 'వాల్ ఆఫ్ రెస్పెక్ట్', గౌరవ కుడ్యం అనుకోవచ్చు. నగర పాలక సంస్థ ఆదేశించలేదు, కంపెనీ డబ్బివ్వలేదు. పేటలోని యువకులు కాపలా కాశారు. ఎవరి ముఖం ఉండాలన్న దాని మీద లోపల తగువులూ నడిచాయి. ఒక భాగానికి సున్నం కొట్టి మళ్ళీ వేశారు. 1971లో భవనం కాలి, ఆ తర్వాత దాన్ని కూల్చేశారు. గోడ నిలబడింది నాలుగైదేళ్ళే. కానీ అమెరికాలో పేట గోడల చిత్రోద్యమానికి అదే మొదలైంది. గోడ తమది కాకపోయినా కాపలాతో తమది చేసుకున్నారు. ఆ తగువులు కూడా సొంతదనానికి గుర్తులే. అద్దె గోడ మీద ఎవరూ తగువు పడరు.

ఆ తగువు మనలో ఎందుకు లేదు? ఇది మనల్ని మనం అడగాల్సిన ప్రశ్న. మన వాడ గోడల మీద అంబేద్కర్ ఉన్నాడు. మంచిదే. ఇదే హైదరాబాదులో ఆది హిందూ ఉద్యమాన్ని నడిపిన భాగ్యరెడ్డి వర్మ, ఈశ్వరీబాయి, సదాలక్ష్మి ముఖాలు నేను తిరిగిన బస్తీల గోడల మీద నాకు కనపడలేదు. జయంతి ఫ్లెక్సీల్లో బాబాసాహెబ్ మూలన చిన్నగా ఉంటాడు, శుభాకాంక్షలు చెప్పే లోకల్ నాయకుడు నిలువెత్తున ఉంటాడు. ఇక ఆడవాళ్ళ సంగతి. మా వాడలో ముగ్గు పెట్టని ఆడమనిషిని చూడలేదు, అట్లాగే గోడకి కుంచె పట్టిన ఆడమనిషినీ చూడలేదు. నేల మీద రోజూ గీసే చేతిని గోడ దాకా రానివ్వనిది పెద్దకులపోళ్ళు ఒక్కరే కాదు. మన మగతనం కూడా అందులో ఉంది.

2023 ఏప్రిల్ 14న సచివాలయం పక్కన 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం లేచింది. ఊరి మధ్యలో విగ్రహం కోసం మనోళ్ళు ఎన్ని దెబ్బలు తిన్నారో తెలిసినవాళ్ళకి ఆ ఎత్తు విలువ తెలుసు. కానీ దాన్ని ఏటేటా మనం మళ్ళీ వేయలేం. మలుపులోని గోడ బొమ్మని వేయగలం. వెలిసిపోవడం దాని బలహీనత, మళ్ళీ వేయాల్సి రావడం దాని బలం. అందుకే విమర్శకుడు మూడు ప్రశ్నలతో పాటు నాలుగోది కూడా అడగాలి. చెరిగిపోతే మళ్ళీ వేసేదెవరు? 2019 జనవరిలో యూనివర్సిటీ యంత్రాంగం వెలివాడని పీకేసినప్పుడు విద్యార్థులు ఊరుకోలేదు. ఆ పటాలు ఎవరివో తేల్చింది ఆ నిరసనే.

చివరగా పరిశోధకులుగా మన పని గురించి. మా చిన్నాయన ఇరవై ఏళ్ళపాటు, ఏడాదికొకటి చొప్పున, అంబేద్కర్ బొమ్మలు వేశాడు. ఒక్కదాని ఫోటో కూడా మా ఇంట్లో లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ గోడ పోయింది. పండగల్లో వేసిన బొమ్మలకి కేటలాగులున్నాయి, చిత్రకారుల పేర్లున్నాయి. వాడ గోడలకి లెక్కే లేదు. పాత గోడరాతల కింద మూలన 'ఫలానా ఆర్ట్స్' అని చిన్న సంతకం ఉంటుంది. ఆ సంతకాలు ఇంకా కొన్ని ఊళ్ళలో కనపడుతున్నాయి. ఆ చేతులు కొన్ని బతికే ఉన్నాయి. వాళ్ళ పేర్లు, కులాలు, కూలి రేట్లు, గురువులు, రంగు కలిపే పద్ధతులు వాళ్ళ నోటితోనే చెప్పించి రాసుకోవాలి. మా చిన్నాయనతో నేను మొదలుపెట్టాను. మొదటి రోజు ఆయన అడిగింది ఒకటే. "బొమ్మలు లేవు గదరా, ఏం రాసుకుంటవ్?" గళ్ళు ఎట్లా కొట్టేవాడివో చెప్పు అన్నాను. నోటు పుస్తకం తీసుకుని గళ్ళు గీయడం మొదలుపెట్టాడు.