పాటచుట్టరికము

రక్తసంబంధము వలన ఏర్పడు చుట్టరికము ఒకటి, పెండ్లి వలన కలిసివచ్చునది మఱియొకటి. ఈ రెండింటిలో దేనికిని చెందక, కేవలము కొన్ని పాటలను ప్రాణసమానముగా ప్రేమించుట వలన పుట్టి, ఒకరి ముఖము నొకరు చూడకయే సంవత్సరముల తరబడి నిలుచు చుట్టరికము మూడవది. ఇది సెల్‌ఫోనుతో పాటు మనకు వచ్చిపడిన వింత యని కొందఱనుకొందురు గాని, నాకట్లు తోచదు. సిలోను రేడియోలోను, 1957 అక్టోబరులో పుట్టిన వివిధభారతిలోను, పాటను కోరిన శ్రోతల పేర్లను, వారి ఊళ్ళ పేర్లను వరుసగా చదువుచుండిన కాలమున, పాటకంటె ముందు ఆ పేర్లకే చెవి యొగ్గినవారు మన పల్లెలలో ఎందఱో యుండిరి. తామేనాడును పోని యే ఊరిలోనో ఎవరో పెద్దమనిషి తమకిష్టమైన పాటనే మాటిమాటికి కోరుచుండుట వినివిని ‘మనవాడే’ యని మురిసిపోయి, కొన్నాళ్ళు ఆ పేరు వినబడకున్న ‘పాపము, ఒంట్లో బాగులేదేమో’ అని చింతించినవారిని నేనెఱుగుదును. వారపత్రికలలోని కలంస్నేహము శీర్షికలు ఆ చుట్టరికమునకు ఉత్తరముల రూపము నిచ్చినవి. నేటి ఫోను దానికి రేయింబవళ్ళ తీరిక నిచ్చినది.

మా వాట్సాపు బృందము 1950వ దశకపు తెలుగు సినిమాపాటల నారాధించువారిది. ఆరాధనమంటినే గాని, మాలో స్తోత్రపాఠము తక్కువ, దిద్దుబాటు ఎక్కువ. ‘మిస్సమ్మ’లో రామారావుగారికి పాడినది ఘంటసాల యని ఎవరైన వ్రాసిరా, వ్రాసినవారు కాఫీ త్రాగి వచ్చులోపల, పాడినది ఏ.ఎం. రాజా యనియు, అంతకుముందు 1954లో ‘విప్రనారాయణ’లో నాగేశ్వరరావుగారికి సైతము ఆయనయే పాడెననియు, రెండింటికిని సంగీతము సాలూరి రాజేశ్వరరావుగారిదే యనియు నలుగురు నాలుగు దిక్కులనుండి వ్రాసి యుందురు. ‘మాయాబజార్’ మాటకు వచ్చిన, అది మా బృందమున దాయాదుల పొలము తగాదా. తెరమీద సంగీతదర్శకుడుగా కనబడు పేరు ఘంటసాలది. నాలుగు పాటలకు బాణీలు కట్టి మధ్యలో తప్పుకొన్నవారు సాలూరివారు. ఆ బాణీలకు వాద్యములను సమకూర్చి రికార్డు చేయించినవారు మరల ఘంటసాల. ఆ మాధుర్యములో ఎవరి పాలెంత యన్న విషయమై మాలో రాజీ కుదిరిన దాఖలా లేదు. సాక్ష్యములుగా చెల్లునవి రెండే: గ్రామఫోను ప్లేటు మీది లేబిలు, సినిమాహాలు వాకిట అమ్ముచుండిన పాటల పుస్తకము. కథను సగము చెప్పి, నాయిక ఆపదలో నుండగా, మిగిలినది వెండితెరపై చూడుడని చేతులు దులుపుకొనెడి ఆ పుస్తకమును మావారు ధర్మశాస్త్రమువలె ఉదాహరింతురు. దిద్దుటయే మావారి ప్రేమప్రకటన మని గ్రహించుటకు క్రొత్తగా చేరినవారికి కొంతకాలము పట్టును. కొందఱు గ్రహింపకయే అలిగి వెళ్ళిపోవుదురు.

ఇట్టివారము ఒక శని, ఆదివారములు చెన్నపట్టణమున కలిసికొనవలెనని నిశ్చయించుకొంటిమి. హైదరాబాదు అందఱికిని దగ్గఱ. అయినను అచ్చటికి వద్దన్నవాడు హైదరాబాదువాడే, సికింద్రాబాదు బ్యాంకు ఉద్యోగి. పాటలు పుట్టినది కోడంబాకములోనైనప్పుడు పుట్టినింటికి పోక మెట్టినింటికి పోవుట యేమని ఆయన వాదము. గుంటూరునుండి విశ్రాంత ఉపాధ్యాయుడొకరు, బెంగుళూరునుండి కంప్యూటరు ఉద్యోగము చేయు అమ్మాయి, ఆమెకు తోడుగా ఆమె తల్లి, చెన్నపట్టణమునే స్థిరపడి మైలాపూరున నివసించు ఒక విశ్రాంత ఇంజనీరు, ఇంకను కొందఱు. ఊరుపేరు తెలియని మగవారిని కలియుటకు కూతురు ఒంటరిగా పోవుట ఆ తల్లికి సమ్మతము కాలేదు. ఆమె చేసినది సరియైన పనియే యని నేననుకొంటిని. ఫోనులో మంచి అభిరుచి కనబఱచినవారెల్ల మంచివారని నియమమేమియు లేదు.

సెంట్రల్ స్టేషనులో ఒకరినొకరు గుర్తుపట్టుట యొక చిన్న ప్రహసనము. మాలో పెక్కురు సొంత ఫోటో పెట్టుకొనరు. కావున పేర్లకంటె బొమ్మలే మాకు పరిచితములు.

“ఏమండీ, తంబుర గారు మీరేనా?”

“నేనే నండీ. మీరు...?”

“గ్రామఫోను కుక్కపిల్ల నండీ.”

ప్రక్కనున్న పోర్టరు మమ్ము చూచిన చూపు వర్ణనాతీతము. తెల్లవారుజామున రెండు గంటలవఱకు ‘మీకు చెవులున్నవా లేవా’ అని పోట్లాడుకొన్నవారు ఇప్పుడు ‘మీరు ముందు’, ‘అబ్బే, మీరే ముందు’ అని ఎస్కలేటరు మొదట నిలిచిపోయిరి. అక్షరములలో పులులైనవారు ఎదుట పడిన పిల్లులగుదురని ఎగతాళి చేయవచ్చును గాని, అది సత్యములో సగమే. వ్రాతలో కోపము కనబడును, కోపముతో కూడ వచ్చు నవ్వు కనబడదు. గుంటూరు మాస్టారు ప్రతివాక్యమును చిఱునవ్వుతో ముగించు మనిషి యని ఆ ఉదయము వఱకు మాకెవ్వరికిని తెలియదు. ఆయన నోట వినిన పిమ్మట, ఆయన పాత వాదములన్నియు నా మనస్సులో వేఱొక శ్రుతిలో వినబడసాగినవి.

మెట్రోరైలులో వడపళని చేరితిమి. మూలా నారాయణస్వామి, బి.ఎన్. రెడ్డిగార్ల పూనికచే వెలసి, పిమ్మట బి. నాగిరెడ్డి, చక్రపాణిగార్ల చేతిలో విజయా-వాహినిగా ఆసియాఖండముననే పెద్దదని పేరుగాంచిన స్టూడియో యుండిన తావు అది. ‘మల్లీశ్వరి’, ‘పాతాళభైరవి’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’ రూపు దిద్దుకొన్న సంస్థల చిరునామా అది. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే విద్యుద్దీపములతో వెన్నెల కాయించిన ఆవరణము అది. ‘చందమామ’ కార్యాలయముండినదియు ఆ చాయలనే. నేడచ్చట ఆస్పత్రి యున్నది, బజారు భవనమున్నది, ఎడతెగని వాహనముల రొద యున్నది. అమ్మాయి నిట్టూర్చి, “ఒక బోర్డు అయినా పెట్టి ఉండాల్సింది కదండీ” అన్నది. సికింద్రాబాదు మిత్రుడు ఇంకను ముందుకు పోయి ఒక చిన్న చరమశ్లోకమే చదివెను. నాకు మాత్రమంత దుఃఖము కలుగలేదు. ఆ ఆస్పత్రి నాగిరెడ్డిగారు తాము జీవించియుండగనే, 1972లో, తమ చేతులతో స్థాపించినది. అది ఆక్రమణ కాదు, ఒకే మనిషి సంకల్పములో రెండవ అధ్యాయము. పైగా, స్టూడియోలో పుట్టిన పాట స్టూడియోలో నిలిచియుండునది కాదు. అచ్చట నిలబడి మేము చూచినది ఏమియు లేదు. కాని ఎవరు ఏమి వెదకుచున్నారో ఒకరికొకరము చూచుకొంటిమి. మాస్టారు రికార్డింగు థియేటరు ఎటువైపుండెనో అడుగుచుండెను. అమ్మాయికి మాత్రము సావిత్రి కారు దిగిన గేటు కావలసియుండెను.

మధ్యాహ్నము త్యాగరాయనగరములో ఒక ఆంధ్రామెస్సున పప్పు, గోంగూర, కందిపొడి, అడుగకయే వచ్చిన రెండవ విడత నెయ్యి. తర్వాత పానగల్ పార్కు. 1921 నుండి 1926 వఱకు మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రిగా నుండిన పానగల్ రాజావారి పేరిటి ఆ ఉద్యానము, సినిమా అవకాశములకై వచ్చి గదికి అద్దె యిచ్చుకొనలేని తెలుగు యువకులకు ఒకప్పుడు సత్రమువంటిది. ఘంటసాల సైతము తొలిదినములలో అచ్చటనే పరుండెనని కథగా చెప్పుకొందురు. ఎండ మండిపోవుచుండుటచే మేమచ్చట పావుగంటకంటె నిలువలేకపోతిమి.

ఇంతవఱకు చెప్పినది పీఠిక యనుకొనుడు. చెప్పవలసినది మైలాపూరు ఇంటి మేడమీది గదిలో జరిగిన సంగతి.

ఇంజనీరుగారివద్ద కీ యిచ్చి నడుపు గ్రామఫోను ఒకటి, లక్కతో చేసిన ప్లేట్లు రెండు బీరువాల నిండుగను ఉన్నవి. పది అంగుళముల ప్లేటు, నిమిషమునకు 78 చుట్లు, ప్రక్కకు మూడు నిమిషములకు కొంచెము పైమాట. చేయి జాఱిన ముక్కలే. ఆయన కాగితపు సంచినుండి ‘పాతాళభైరవి’ ప్లేటు తీసి, మెత్తని బట్టతో లోపలినుండి వెలుపలికి తుడిచి, కీ త్రిప్పి, సౌండుబాక్సులోని పాత ముల్లు ఊడదీసి క్రొత్తది బిగించి, మావైపు తిరిగి, “ఫ్యాను ఆపేస్తున్నాను, ఏమీ అనుకోకండి” అనిరి. చెన్నపట్టణపు ఉక్కలో అది చిన్న కోరిక కాదు.

ఫోనులో పాటను పంపుట వేఱు, పాటను కలిసి వినుట వేఱు. మేము సంవత్సరములుగా పాటలు పంపుకొనుచునే యుంటిమి. కాని దానిని ఒకరు వంటింటిలో వినిరి, ఒకరు బస్సులో వినిరి, ఒకరు సగములో ఆపి మఱునాడు వినిరి, ఒకరు వినకయే ‘అద్భుతము’ అని వ్రాసిరి. ఒకే మూడు నిమిషములను అందఱము ఏకకాలమున అనుభవించుట మాకదే ప్రథమము. యంత్రములో పాటను వెనుకకు జరుపుటకు మీట లేదు, ధ్వనిని తగ్గించుటకు బొడిపె లేదు. ముల్లు తన దారిన తాను పోవుచుండును, దానితో కూడ మనమును పోవలెను. ఘంటసాల, లీల గార్ల యుగళగీతము మొదలైనది. వేపుడు వేగుచున్నట్టి ఆ గఱగఱలో నుండి గొంతులు పైకి వచ్చినవి. మాస్టారి వ్రేళ్ళు తొడమీద తాళము లెక్కించుచున్నవి. పెదవులు గాయకుని కంటె అరక్షణము ముందే కదలుచున్నవి. బాణీ యెవరిదన్న విషయమున ఆయనతో నేను ఎంతో పోరాడితిని గాని, ఆయన వినునది బాణీని కాదనియు, గాయకుడు ఊపిరి తీసికొను చోటులను లెక్కపెట్టుకొనుచు వినుననియు అప్పుడే నాకు తెలిసినది. బారెడు వ్యాసములు వ్రాయు బ్యాంకు మిత్రుడు నేలవైపు చూచుచు కూర్చుండి, వాద్యములు మాత్రమే మ్రోగు చోట కన్నులు మూసికొని, గొంతు రాగానే మరల తెఱచుచుండెను. అది నాకు తలక్రిందులుగా తోచినది గాని, ఎవరి భక్తి వారిది. ఒకరి అభిప్రాయములు ఒకరికి కంఠస్థములైనను, ఒకరు వినుచుండగా ఒకరు చూచినది లేదు. అభిప్రాయము మాటలలో పడుసరికి అందఱిదియు ఒకే మోస్తరుగ నుండును. వినునప్పటి ముఖము ఎవరిది వారిదే.

పాట ముగిసినది. “ఇంకోసారి వేయండి సార్” అన్నారు మాస్టారు.

“వేస్తాను. ముల్లు మార్చనివ్వండి. ఒక్కో వైపుకి ఒక్కో ముల్లు, లేకపోతే ప్లేటు అరిగిపోతుంది.”

ఆ మధ్యవిరామములోనే, అంతవఱకు తలుపు దగ్గఱ కుర్చీలో మాటాడక కూర్చున్న అమ్మాయి తల్లి, కూతురు మోచేతితో పొడువగా, కాకినాడలో తాను చిన్ననాడు నేర్చుకొన్న మఱియొక పాట నెత్తుకొన్నది. శ్రుతి కొంత యెక్కువ, గొంతులో వయస్సు తెలియుచుండెను. ప్లేటుపై చోటు చాలక వదలివేసిన ఒక చరణము, తెరమీద మాత్రమే వినబడునది, ఆమెకు పూర్తిగా వచ్చును. అందులో ఒక మాట ఆమె వేఱుగా పాడినది. మాస్టారి చూపుడువ్రేలు పైకి లేచుట నేను చూచితిని. అది అట్లే కండువా సవరించుటకు పోయినది. ఇంజనీరుగారి భార్య ఫిల్టరు కాఫీ తెచ్చియు, పాట ముగియువఱకు గడపలోనే నిలిచియుండిరి.

ఆదివారమంతయు సముద్రపు గాలి, కాలినడక, పుస్తకముల దుకాణములు, వీడ్కోళ్ళు. అందులో చెప్పదగినది లేదు. సోమవారము రాత్రి బృందములో మాస్టారి సందేశము కనబడినది: “అమ్మా, నమస్కారం. మీరు చాలా బాగా పాడారు. మూడో చరణంలో ఆ మాట మాత్రం పాటల పుస్తకంలో వేరేగా ఉంది.” క్రింద పుస్తకపు పుట ఫోటో. అప్పటికప్పుడే కూతురి ఫోనునుండి తల్లి ప్రత్యుత్తరము: “మా ఊళ్ళో అందరూ అలాగే పాడేవారు మాస్టారూ.” మఱునాటికి మాలో రెండు పక్షములేర్పడినవి. నేను కాకినాడ పక్షము.

వచ్చు పర్యాయము విజయనగరము పోవలెనని అందఱికిని సమ్మతమైనది. 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులుగా వెలసిన సంగీతకళాశాల అచ్చట నున్నది. మధుకరము చేసికొని ఘంటసాల చదివినదియు, సుశీలగారు చదివినదియు అందులోనే. ఘంటసాల పుట్టినరోజైన డిసెంబరు 4నే పోవలెనని మాస్టారి పట్టు. వారము మధ్యలో పడిన సెలవు దొరకదని బ్యాంకువారి మొఱ. నేరుగా విజయనగరమున దిగు రైలెక్కవలెనా, విశాఖలో దిగి బస్సు పట్టవలెనా యన్న వాదము నేటి ఉదయము మొదలైనది. ఇది వ్రాయు వేళకు మైలాపూరువారు టైంటేబిలు ఫోటో పంపిరి, అది పాతదని ఎవరో అప్పుడే దిద్దిరి.