కర్త లేని వాక్యాలు

నవల చదివి మాట్లాడుకోవడానికి పదిమంది కూర్చున్న చోట చర్చను పక్కదారి పట్టించే ప్రశ్న "మీకూ ఇలాగే జరిగిందా?" అన్నదేనని ఈ శీర్షిక ఎంతోకాలంగా వాదిస్తూ వచ్చింది. మార్గరెట్ ఆట్‌వుడ్ నవల 'క్యాట్స్ ఐ' మీద ఈ వారం ఒక పాఠక బృందంలో సాగిన సంభాషణ ఆ వాదానికి ఇంకొక సాక్ష్యంగానే మొదట కనిపించింది. పుస్తకం గురించిన మాటలు పట్టుమని పది నిమిషాలు సాగకుండానే ఎవరి బడి వారికి, ఎవరి హాస్టల్ వారికి గుర్తుకొచ్చి, రచయిత్రి పదిహేను భాగాలుగా కట్టిన నిర్మాణమంతా ఆ జ్ఞాపకాల వెనక మరుగున పడింది. ఇలాంటి మరుగు ఈ శీర్షికకు ఎప్పుడూ చికాకే.

నవల చదవని వారికోసం కథను క్లుప్తంగా చెప్పుకోవలసి ఉంటుంది. 1988లో వెలువడి, మరుసటి ఏడాది బుకర్ బహుమతి తుది జాబితాలో నిలిచిన ఈ నవలలో ఇలెయిన్ రిస్లీ అనే చిత్రకారిణి, యాభైకి దగ్గరపడిన వయసులో, తన చిత్రాల ప్రదర్శన కోసం చిన్ననాటి నగరం టొరంటోకు తిరిగి వస్తుంది. అడవి పురుగుల మీద పరిశోధన చేసే తండ్రి వెంట ఊళ్ళు తిరుగుతూ పెరిగిన ఆ పిల్లకు, ఎనిమిదేళ్ళ ప్రాయంలో ఆ నగరంలో స్థిరపడేదాకా ఆడపిల్లల స్నేహమంటే ఏమిటో తెలియదు. గ్రేస్, క్యారల్, వారికి నాయకురాలైన కార్డీలియా ఆమెకు స్నేహితులవుతారు. నడక బాగోలేదని, మాట బాగోలేదని, ఇదంతా నీ మంచికేనని చెబుతూ ఆ ముగ్గురూ ఆమెను రోజూ సరిదిద్దుతారు. ఆ పిల్ల రాత్రిపూట పాదాల చర్మం పీక్కోవడం మొదలుపెడుతుంది. ఒక చలికాలపు రోజున ఆమె టోపీని వంతెన కింది లోయలోకి విసిరి, తెచ్చుకోమని పంపి, మంచుగడ్డ విరిగి ఆమె వాగులో పడిపోయినా పట్టించుకోకుండా వెళ్ళిపోతారు. ఈ మొత్తం కాలంలో ఆమె ధైర్యమంతా ఎర్రటి చిన్న పర్సులో దాచుకున్న ఒక నీలి గోళీ, లోపల పిల్లికన్నులాంటి రేక ఉన్న గాజు గోళీ.

నవలలోని అసలు విశేషం ఆ తర్వాత మొదలవుతుంది. ఇలెయిన్ అదంతా మరచిపోతుంది. దాచిపెట్టడం, మనసులో అణచుకోవడం వంటి మాటలు ఇక్కడ సరిపోవు, ఆ ఏడాదులు ఆమెకు లేకుండానే పోతాయి. ఏళ్ళ తర్వాత తల్లితో కలిసి పాత ట్రంకుపెట్టె సర్దుతుండగా ఆ గోళీ చేతికి తగిలినప్పుడు గాని పోయినవి తిరిగి రావు. అయితే ఆమె మరచిపోయిన కాలంలో కూడా ఆమె కుంచె మరచిపోలేదు. ఏ ద్వేషంతో గీస్తున్నదో తనకే తెలియకుండా గ్రేస్ తల్లి మిసెస్ స్మీత్‌ను ఆమె పదేపదే వికృతంగా చిత్రిస్తుంది. జ్ఞాపకం మనిషికి తెలియకుండా మనిషి చేత పనిచేయిస్తుందని చెప్పిన నవలను ముందు పెట్టుకుని, ప్రతి పాఠకుడూ తన జ్ఞాపకాన్ని మాత్రం చెక్కుచెదరని వస్తువులా బల్లమీద పెట్టడం నవల చెప్పిన మాటను వినకపోవడమేనన్నది ఈ శీర్షిక అభ్యంతరం.

ఆ అభ్యంతరాన్ని నిరూపించాలని, ఆ సాయంత్రం చెప్పుకున్న కథల్లోని వాక్యాలను ఒక్కొక్కటిగా పరిశీలించినప్పుడు తేలిన విషయం వేరు. ఈ శీర్షికను అనుసరించే పాఠకులకు 'బడు' అనే సహాయక క్రియ మీద ఇక్కడ తరచు వెళ్ళబోసుకునే కోపం తెలిసిందే. 'దొంగ పట్టుబడ్డాడు', 'పని బయటపడింది' వంటి చోట్ల తెలుగులో సొంతంగా ఒదిగిన ఈ క్రియను, ఇంగ్లీషు కర్మణి వాక్యాన్ని, అంటే పని చేసినవాడిని వెనక్కి నెట్టి పని జరిగినవాడిని ముందు నిలిపే వాక్యాన్ని, అనువదించడానికి అరువు తెచ్చుకున్నప్పటినుంచి 'నిర్ణయించబడినది', 'తెలియజేయబడుచున్నది' వంటి మాటలు కార్యాలయాల గోడలెక్కాయి. వాటి వెనక ఎవరున్నారో ఎవరూ చెప్పనక్కరలేకుండా పోయింది. నోటి తెలుగు మాత్రం ఈ సౌకర్యాన్ని ఒప్పుకోలేదు. చిన్నప్పుడు బడిలో పడిన బాధ చెప్పే తెలుగువారెవరూ 'ఏడిపించబడ్డాను' అనరు, 'బాగా ఏడిపించేవాళ్ళు' అంటారు.

ఆ క్రియను కొంచెం నిలిచి చూడవలసి ఉంది. ఏడ్చు అనే ధాతువుకు ప్రేరణార్థకం, అంటే ఒకరు ఇంకొకరి చేత ఆ పని చేయించడాన్ని తెలిపే రూపం, ఏడిపించు. నవ్వించు, తినిపించు, నిద్రపుచ్చు అన్నంత సహజంగా తెలుగు ఈ మాటను చేసుకుంది. వదినను మరిది ఏడిపించినా, మనవడిని తాత ఏడిపించినా, క్లాసులో ముగ్గురు చేరి ఒక పిల్లను రోజూ ఏడిపించినా మాట ఒకటే. ఈ విషయం మీద 1970లనుంచి పరిశోధించిన డాన్ ఓల్వేయస్ బడిలోని వేధింపును గుర్తుపట్టడానికి మూడు లక్షణాలు చెప్పాడు: అది కావాలని చేసేది, పదేపదే జరిగేది, బలం ఒకవైపే ఎక్కువగా ఉన్నచోట జరిగేది. కాలేజీ సీనియర్ల వేధింపుకు తెలుగునాట ర్యాగింగ్ అనే పేరుంది, దాన్ని నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో వచ్చిన చట్టమూ ఉంది. ఎనిమిదేళ్ళ పిల్లలు ఒకరితో ఒకరు చేసేదానికి మాత్రం సరసానికీ హింసకూ ఉమ్మడిగా వాడే ఈ ఒక్క మాటే దిక్కు. "ఊరికే ఏడిపించాం" అని పిల్లలంటే పెద్దలు నవ్వి ఊరుకోవడానికి ఆ ఉమ్మడితనమే వీలు కల్పిస్తోంది. మిసెస్ స్మీత్ కూడా ఊరుకున్న మనిషే. ఇలెయిన్‌కు జరుగుతున్నది ఆమెకు తెలుసు, అది ఆ పిల్లకు తగిన శిక్షేనని ఆమె అనుకుంది.

ఈ క్రియలో ఇంకొక మెలిక ఉంది. తెలుగులో కర్తను, అంటే పని చేసినవారిని, విడిగా చెప్పకపోయినా వాక్యం నిలబడుతుంది, ఎందుకంటే క్రియ చివరి అక్షరమే ఆ కర్త ఎవరో ఉజ్జాయింపుగా చెప్పేస్తుంది. 'ఏడిపించేవాళ్ళు' అన్నప్పుడు పేర్లు లేవు, ముఖాలు లేవు, కానీ 'వాళ్ళు' ఉన్నారు, ఒకరికంటే ఎక్కువమందే ఉన్నారు. ఆ సాయంత్రం వినిపించిన వాక్యాలన్నీ అలాంటివే. ఒకరు వద్దన్నా అతుక్కుపోయిన మారుపేరు గురించి చెప్పారు, ఒకరు క్లాసంతా కలిసి ఏడాది పాటు కటీఫ్ చేసిన సంగతి చెప్పారు, ఒకరు యాస మీద జరిగిన వెక్కిరింత చెప్పారు. ప్రతి వాక్యమూ 'వాళ్ళు'తోనే ముగిసింది. ఒకరిని ముగ్గురు ఏడిపించే లోకంలో పదిమంది పెద్దవాళ్ళు కూర్చుని తమ బాల్యం చెప్పుకుంటే, ఆ ముగ్గురిలో ఒక్కరైనా అక్కడ లేకపోవడం లెక్కకు అందే విషయం కాదు.

ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త మోరిస్ హాల్బ్‌వాక్స్ 1925లో ప్రతిపాదించిన ఒక ఆలోచన ఇక్కడ పనికొస్తుంది. మనిషి జ్ఞాపకం ఒంటరిగా నిలవదని, కుటుంబం, మతం, వర్గం వంటి సమూహాలు ఇచ్చిన చట్రాల్లోనే అది నిలుస్తుందని ఆయన వాదించాడు. దాన్నిబట్టి చూస్తే ఇలెయిన్ మరచిపోవడానికి ఒక కారణం ఆమెకు చెప్పుకునే చోటు లేకపోవడమే కావచ్చు, నవల చుట్టూ చేరిన పాఠకులు ఒకరికొకరు ఇచ్చుకుంటున్నది ఆ చోటే కావచ్చు. ఈ శీర్షిక చికాకు అక్కడికి సగం తగ్గింది. కానీ చట్రం పట్టినంత మేరకే చిత్రం కూడా పడుతుంది. మొదటి మనిషి బాధితుడిగా మాట్లాడిన చోట రెండో మనిషి వెతుక్కునేది కూడా తాను పడిన బాధనే, తాను పెట్టిన బాధ ఆ చట్రంలో పట్టదు.

ఆట్‌వుడ్ తన కథానాయికకు ఈ వెసులుబాటు ఇవ్వలేదు. హైస్కూలు వయసు వచ్చేసరికి నోటి పదును ఇలెయిన్‌ది, బెదిరిపోవడం కార్డీలియాది. శ్మశానంలో నిలబెట్టి తాను రక్తం తాగే పిశాచినని చెప్పి ఆమెను భయపెట్టినప్పుడు ఇలెయిన్‌కు కలిగింది ఆనందమే. అప్పటికి చిన్ననాటి బాధ గుర్తులేదు గనుక దాన్ని ప్రతీకారమని కూడా చెప్పుకోవడానికి లేదు. మరికొన్నేళ్ళకు, మందులు మింగి ప్రాణం తీసుకోబోయి ఒక చికిత్సాలయంలో చేరిన కార్డీలియా, అక్కడినుంచి బయటపడడానికి సాయం అడిగితే ఇలెయిన్ కాదంటుంది. చిన్నప్పుడు తన ఇంట్లో కార్డీలియా తండ్రికి ఎంత భయపడేదో పాఠకులకు అర్థమయ్యేసరికి, ఏడిపించిన పిల్లా ఏడ్చిన పిల్లా ఇద్దరు మనుషులుగా విడదీయరానంతగా కలిసిపోతారు. ప్రదర్శనకు కార్డీలియా రాదు. తిరుగు ప్రయాణంలో విమానంలో పక్కన కబుర్లాడుకుంటున్న ఇద్దరు ముసలమ్మలను చూసినప్పుడు, తనకూ కార్డీలియాకూ అలాంటి రోజు ఇక రాదన్న దిగులే ఇలెయిన్‌కు మిగులుతుంది.

పుస్తకం దాటి సొంత కథలోకి పోవడం చదవడం కాదన్న పాత వాదనకు ఇక్కడ కాలు నిలవడం లేదు. ఈ శీర్షిక ఎన్నోసార్లు మెచ్చుకున్న పురాణ కాలక్షేపంలో సైతం పౌరాణికుడు పద్యం దగ్గర ఆగి పిట్టకథలోకి, పిట్టకథలోంచి ఊరి సంగతుల్లోకి వెళ్ళేవాడు, శ్రోతలు అందుకే వచ్చేవారు. కాబట్టి "మీకూ ఇలాగే జరిగిందా?" అనే ప్రశ్నను తప్పుపట్టడం కంటే అది సగమే అడిగిన ప్రశ్న అని ఒప్పుకోవడం న్యాయం. ఈ నవల మిగతా సగాన్ని కూడా అడుగుతోంది. 'క్యాట్స్ ఐ'ని చేతిలో పట్టుకుని మళ్ళీ కూర్చోబోయే పాఠక బృందాలకు ఈ శీర్షిక చేసే వినతి ఒక్కటే: ఎన్ని కథలైనా చెప్పుకోండి, కానీ ప్రతి ఒక్కరూ కనీసం ఒక్క వాక్యం చివర 'ఏడిపించేవాళ్ళు' అన్న చోట 'ఏడిపించేవాళ్ళం' అని పలికి చూడండి. మారేది చివరి అక్షరమే.