మంచమ్మీద కూసునేదెవరు?

చేతివృత్తుల ప్రదర్శన కోసం తయారు చేసిన ఒక గది నమూనా కొన్నాళ్ళ కింద మా చేతికొచ్చింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడు పట్నాలల్ల వరుసగా పెట్టాలని ఆలోచన. గీసినోళ్ళు ఎవరన్నది ఇక్కడ అవసరం లేదు. వాళ్ళు మా అభిప్రాయం అడిగిన్రు, మంచి మనసుతోనే అడిగిన్రు. దానికి పెట్టుకున్న పేరు 'పల్లె లాంజ్'. వచ్చినోళ్ళు చూసి పోవుడు కాదు, కూసోవాలె, ముట్టుకోవాలె, వాయించి చూడాలె అనేది దాని సూత్రం. నడుమ నాలుగు నులక మంచాలు, వాటిమీద గొంగళ్ళు. బండి గీర మీద అద్దం పలక పరిచి టీపాయి. మేదరోళ్ళ చాటలతోని దీపాలకు గొడుగులు. మూలకు నీళ్ళ కుండలు. ఒక గోడకు వరుసగా డప్పులు, వాటి కింద 'నన్ను కొట్టి చూడు' అనే బోర్డు.

చూడముచ్చటగనే ఉంది. వస్తువులన్నీ మనయే. చేసిన చేతులు మాదిగల, మేదర్ల, కుమ్మర్ల, వడ్రంగుల, గొల్లకుర్మల చేతులే. మరి మాకున్న పేచీ ఏమిటి? ఆ గదిలో పల్లె ఉంది గని, ఊరూ వాడా అన్న విభజన లేదు. నాలుగు మంచాలు ఒక్క చోట వేసిన్రు. ఏ మంచం ఊర్లది, ఏ మంచం వాడలది? అడిగితే ఇద్దరి మంచమూ ఒకటే కదా అన్నరు. నులక ఒకటే, నిజమే. కూసునుడు ఒకటి కాదు.

కళాప్రదర్శనల గురించి రాసేటోళ్ళు 'స్పర్శ' అన్న మాటను చాలా తేలికగా వాడుతున్నరు. మ్యూజియం అద్దాల పెట్టెల నుంచి వస్తువును బయటికి తెచ్చి ప్రజల చేతిలో పెట్టడమే వాళ్ళ లెక్కల పెద్ద ప్రజాస్వామ్యం. సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధ శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శనకు పోయినయి. వాటిని ఎవరూ ముట్టరాదంటే అర్థమైతది, చేతులు తగిలి తగిలి రాయి అరుగుతది. కానీ మా తాతలను బావి దగ్గరికి రానియ్యనిది నీళ్ళు అరుగుతయని కాదు. పొలానికి నీళ్ళు తోడే మోట బొక్కెన కుట్టింది మాదిగ. తాగే నీళ్ళ బావి ముట్టుకుంటే మైలపడేది కూడా ఆ మాదిగ చేతితోనే. ఊరందరికీ చెప్పులు కుట్టినోడు ఊర్లకు రాంగ తన చెప్పులు చేతిల పట్టుకోవాలె. దొర దారెంట పోతుంటే తన ఇంటి ముందర తన మంచం మీద కూసున్నోడు లేచి నిలబడాలె. ఈ చరిత్ర ఉన్న నేల మీద 'ముట్టుకోండి, కూసోండి' అనే బోర్డు ఎవరిని పిలుస్తున్నది? ఆ బోర్డు చదివినప్పుడు దొరల మనుమడికీ, మాదిగ మనుమడికీ ఒకే భావం కలుగుతదా? ఈ తేడాను పక్కకు పెట్టి గీసిన గది ఎంత అందంగ ఉన్నా సగం గదే.

కూసునే వస్తువు గురించి ఆలోచించేటోళ్ళకు మేము ముందుగా గుర్తుచేసేది అంబేద్కర్ గోనెపట్టా. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయన రాసుకున్నడు. బడిలో ఒక మూలకు విడిగా కూసోవాలె. కూసోను గోనె ముక్క ఇంటి నుంచి తెచ్చుకోవాలె, సాయంత్రం మళ్ళ ఇంటికి మోసుకపోవాలె. ఎందుకంటే బడి ఊడ్చే మనిషి కూడా దాన్ని ముట్టడు. దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అనే గోండు చిత్రకారులు బొమ్మలు గీసిన 'భీమాయన' 2011లో వచ్చింది. ఆయన అనుభవించిన అవమానాలను అందులో బొమ్మల్లో చూస్తం. మన దేశంలో ఆసనం చరిత్ర రాయాలంటే సింహాసనం నుంచి మొదలుపెట్టే అలవాటున్నది. గోనెపట్టా నుంచి మొదలుపెడితే ఎట్లుంటది?

ఇగ డప్పు. నమూనాల అన్నిటికన్న మమ్మల్ని ఇబ్బంది పెట్టింది ఆ గోడే. ముందు ఒక చిన్న తప్పు చెప్పాలె. తోలు వస్తువులన్నిటికీ కలిపి 'లందలో ఊరిన తోలు' అని ఒకటే వివరణ రాసిన్రు. చెప్పుకూ బొక్కెనకూ వాడేది లందల ఊరిన తోలు. సున్నపు నీళ్ళల్ల నానబెట్టి వెంట్రుక తీసి, తంగేడు చెక్క దంచిన రసంల రోజుల తరబడి ఊరేస్తరు. డప్పుకు వేసేది వెంట్రుక తీసి, చట్రానికి బిగించి ఆరబెట్టిన పచ్చితోలు. అందుకే దానికి మంట కావాలె. తేమకు తోలు వదులైతది, సెగ చూపితే బిగుస్తది. వరిగడ్డి మంట ముంగట డప్పును తిప్పుకుంట, వేలితో తట్టి చూసుకుంట, గొంతు పలికిందనుకున్నంక లేస్తరు. సిర్ర ఒక చేత, సిటికెన పుల్ల ఒక చేత. ఎప్పుడు ఆపాలె, ఎంత కాచాలె అన్నది చెవికీ వేలికీ తెలిసిన చదువు. దీన్ని 'సంప్రదాయ కళ' అని బోర్డు రాసి ఊరుకోవడం మాకు నచ్చదు. కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం రాసిన 'టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్'లో తోలుపనిని, కుండపనిని విజ్ఞానంగా చెప్పిండు. పిల్లల పుస్తకంలో చెయ్యగలిగిన పని ప్రదర్శనలో ఎందుకు చెయ్యలేం?

రెండోది, డప్పు గోడకు వేలాడే వస్తువుగా ఏనాడూ లేదు. చావుకు కొట్టాలె, జాతరకు కొట్టాలె, దొర కబురు చాటాలె. చాలా వరకు వెట్టికే కొట్టాలె. దాన్ని కులం పని అని విసిరికొట్టిన మాదిగ యువకులున్నరు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడి నుంచి మొదలైన దండోరా అదే డప్పును ఉద్యమ జెండా చేసింది. విసిరికొట్టినోళ్ళదీ, భుజానికెత్తుకున్నోళ్ళదీ ఆత్మగౌరవమే. ఈ రెండు చరిత్రలూ తెలియని చెయ్యి లాంజ్‌లో నవ్వుకుంట నాలుగు దెబ్బలేసి ఫోటో దిగి పోతే ఏం జరిగినట్టు? చప్పుడైంది, అంతే. నేర్పేటోడు పక్కన ఉండి, దెబ్బ పేరు చెప్పి, చేతికి సిర్ర ఇచ్చి, తప్పు కొడితే ఆపి మళ్ళ కొట్టించిన్నాడు అది పరస్పరం అయితది. నేర్పేటోనికి ప్రదర్శన జరిగినన్ని రోజులు కూలి గాక జీతం ఇవ్వాలె. నమూనాల చాటల దీపాలకు ఖర్చు రాసిన్రు, డప్పు నేర్పే మనిషికి గీత కూడ లేదు.

మేము పాతదాన్నే పట్టుకొని వేలాడుతున్నమని అనుకోవద్దు. 2024 డిసెంబర్‌లో అమెరికాలో జరిగిన డిజైన్ మయామీ ప్రదర్శనలో సుధీర్ రాజ్‌భర్ నడిపే చమార్ స్టూడియో కుర్చీలు పెట్టింది. పాత టైర్ల రబ్బరును మళ్ళ వాడి చేసిన కుర్చీలవి. 2015లో మహారాష్ట్రలో గోమాంస నిషేధం వచ్చి తోలుపనివాళ్ళ బతుకు దెబ్బతిన్నంక వెతుక్కున్న దారి అది. పాప్ గాయని రిహానా వచ్చి ఆ కుర్చీల కూసుంది. తిట్టుగా వాడే కులం పేరునే స్టూడియోకు పేరుగా పెట్టిన ధైర్యం మాకు నచ్చింది. ఆ తర్వాత, 2025 జూన్‌లో, ప్రాడా కంపెనీ మిలాన్‌లో కొల్హాపురి చెప్పుల లాంటివి చూపించింది. చేసే మనుషుల పేరు గాదు కదా, ఊరి పేరు కూడా చెప్పలేదు. అప్పటికే 2019 నుంచి ఆ చెప్పులకు భౌగోళిక గుర్తింపు ఉంది. గొడవైనంక ఒప్పుకున్నరు. రెండూ చేతిపనులే, రెండూ పెద్ద వేదికలే. ఒక చోట కులం పేరు ఎదురు నిలబడ్డది, ఇంకో చోట పేరే లేకుంట చేసిన్రు. మన 'పల్లె లాంజ్' ఈ రెంటిల దేని పక్కన నిలబడ్డది? నమూనా మొత్తం వెతికినం. చేసినోళ్ళ పేర్లు రాసే జాగ లేదు.

ఈ మూడు పట్నాల సంగతి కూడా కొంచెం చూడాలె. సూర్యాపేట, కోదాడ 65వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్నయి. హైదరాబాద్–విజయవాడ నడుమ తిరిగేటోళ్ళకు దాబాల ముందర మంచాలు కొత్తేం కాదు. హైదరాబాద్‌లో 1992లో పెట్టిన శిల్పారామం నుంచి ఇదే వరస. పల్లెను విడిచిపెట్టినోళ్ళకు పల్లెను చూపించుడు. మిర్యాలగూడ సంగతి వేరు. బియ్యం మిల్లుల పట్నం అది. 2018 సెప్టెంబర్ 14న ప్రణయ్‌ని చంపింది ఆ పట్నంలనే, గర్భవతి అయిన భార్య పక్కన ఉండంగ. తీర్పు 2025 మార్చి 10న వచ్చింది. కులం దాటి చెయ్యి పట్టుకున్నందుకు మనిషిని చంపించిన పట్నంలో 'స్పర్శ' పేరు మీద గది కడుతున్నం అని గీసినోళ్ళకు ఒక్కసారన్న తోచిందా? ప్రణయ్ ఫోటో పెట్టమని మేము అడగలేదు. చావును అలంకారం చెయ్యొద్దు. 'ముట్టుకో' అన్న మాట ఆ ఊర్ల ఎంత బరువో తెలిసి రాయమన్నం.

మా జవాబుల మేము అడిగినవి పెద్దవేం కాదు. ప్రతి వస్తువుకూ చేసిన మనిషి పేరు, ఇచ్చిన ధర రాయాలె. డప్పులు గోడ మీద గాకుండ బయట వాకిట్ల మంట పక్కన ఉండాలె. ఫంక్షన్ హాలోళ్ళు మంట ఒప్పుకోరన్నరు, అయితే మంట ఒప్పుకునే జాగనే చూడమన్నం. ఒక మంచం కింద, కూసున్నోళ్ళు కాళ్ళు పెట్టే చోట, ఒక జత చెప్పులు విడిగా ఉండాలె. వాటిని చేతిల పట్టుకొని గది దాటాలె, ఇష్టమున్నోళ్ళే.

గోనెపట్టా దగ్గర మాల మాకే పంచాయితీ అయింది. వచ్చిన ప్రతి ఒక్కరికీ దర్వాజ దగ్గర గోనె ముక్క ఇచ్చి, దానిమీదనే కూసోబెట్టి, పోయేటప్పుడు ఇంటికి మోసుకపొమ్మందామని మాల కొందరు. మంచం మీద ఇప్పుడిప్పుడే కూసుంటున్న మా పిల్లల్ని మళ్ళ గోనె మీదికి దించుతరా, ఆ పాఠం ఎవరికి కావాల్నో వాళ్ళకు చెప్పండని మాల ఒకామె గట్టిగ అన్నది. వచ్చినోళ్ళ కులం అడిగి గోనె ఇయ్యలేం. అడగకుండ అందరికిస్తే ఆమె అన్నదే జరుగుతది. నమూనాల ఆ మూలను ఖాళీగ విడిచిపెట్టి తిరిగి పంపినం.