మూడు కొలతల స్పీడ్‌బ్రేకర్

బడి గేటు ముందో, కాలనీ సందు మొదట్లోనో రోడ్డుకు అడ్డంగా కనిపించే స్పీడ్‌బ్రేకర్‌ను చాలామంది అడ్డంకిగానే చూస్తారు. కొలత ప్రకారం కట్టినది మాత్రం చక్కని పనితనం ఉన్న వస్తువు. నెమ్మదిగా వచ్చినవాణ్ని సాఫీగా పంపేసి, దూకుడుగా వచ్చినవాణ్నే కుదుపుతుంది. మనిషి కాపలా లేకుండా ఈ తేడా ఎలా పట్టగలుగుతుందో ఒక్కో భాగమే చూద్దాం.

ముందు వేగం సంగతి. ఒక పిల్లవాడు బంతి వెంట రోడ్డు మీదికి పరుగెత్తాడనుకోండి. డ్రైవర్ చూసి, కాలు బ్రేకు మీదికి తేవడానికి ఒక సెకను పట్టిందనుకుందాం. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఆ సెకనులోనే బండి దాదాపు 14 మీటర్లు పోతుంది. 30లో అయితే 8 మీటర్ల పైచిలుకు పోయి, పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు పడితే మరో 5 మీటర్లలో ఆగుతుంది. అంటే 30లో వచ్చిన బండి పూర్తిగా ఆగిపోయే చోట, 50లో వచ్చిన బండికి ఇంకా బ్రేకే పడదు. బడి దగ్గర ఆ 20 కిలోమీటర్ల తేడా ప్రాణమంత విలువైనది.

ఈ వేగాన్ని దించే స్పీడ్‌బ్రేకర్‌కు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ‘ఐఆర్‌సీ 99’ పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. బండి పోయే దిశలో వెడల్పు 3.7 మీటర్లు. నడుమ ఎత్తు 10 సెంటీమీటర్లు. పైభాగం 17 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వృత్తంలోని చిన్న ముక్క. దాటాల్సిన వేగం గంటకు 25 కిలోమీటర్లు. అంతకు పదిహేనేళ్ల ముందే, 1973లో, బ్రిటన్ రోడ్డు పరిశోధనశాల ఇదే వెడల్పు, ఇదే ఎత్తు ఉన్న గుండ్రటి హంపును పరీక్షించి ప్రకటించింది.

అసలు మర్మం ఆ వంపులో ఉంది. వంపు మీద పోయే బండి పైకి తేలిపోవాలని చూస్తుంది. ఆ ధోరణి వేగంతో సమంగా కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది. స్ప్రింగుల సంగతి పక్కన పెట్టి లెక్క కడితే, 25 కిలోమీటర్ల వేగంలో అది భూమి ఆకర్షణలో మూడో వంతు కూడా ఉండదు. ఒంటికి తెలుస్తుంది, అంతే. 47కు చేరేసరికి ఆకర్షణతో సమానమవుతుంది, అంటే శిఖరం మీద సీటులోని మనిషికి బరువే ఉండదు. వేగం రెట్టింపయితే శిక్ష నాలుగింతలు. ఈ న్యాయం తారులోనే పోసి పెట్టి ఉంది.

వెడల్పుకూ అలాంటి కారణమే ఉంది. కారు ముందు వెనక చక్రాల మధ్య దూరం సుమారు 2.5 మీటర్లు. హంపు అంతకంటే వెడల్పు కాబట్టి నాలుగు చక్రాలూ ఒకేసారి దాని మీద నిలుస్తాయి. అప్పుడు కారు అడుగుభాగం కింద పొడుచుకొచ్చేది 10 సెంటీమీటర్లు కాదు, ఐదు లోపే. కొన్నిచోట్ల ఇంటి ముందు సిమెంటుతో పోసేసే జానెడున్నర వెడల్పు గుట్టతో దీన్ని పోల్చండి. అక్కడ పూర్తి ఎత్తు అడుగుభాగానికి తగులుతుంది. పైగా వేగంగా దూకే కారుకు టైరూ స్ప్రింగూ ఆ దెబ్బను చాలావరకు మింగేస్తాయి. నెమ్మదిగా వచ్చిన బండే మొత్తం లేచి పడుతుంది. బుద్ధిగా నడిపేవాడికే శిక్ష వేసే నిర్మాణం అది.

కట్టడంలో నేర్పంతా అచ్చుచెక్కది. చెక్కను ఆ వంపుకు కోసుకుని, తారుమిశ్రమాన్ని పరిచి, దాని మీద ఆనించి సరిచూసుకోవాలి. నడుమ 10 సెంటీమీటర్లున్న ఎత్తు, అటూ ఇటూ 92 సెంటీమీటర్లు జరిగితే 7.5కు దిగాలి, అంచులో రోడ్డుతో కలిసిపోవాలి. ఆ అంచు దగ్గర వాలు ఆరు డిగ్రీలే. చివర్లలో వాననీరు పోయే దారి వదలాలి, లేకపోతే నీరు నిలిచి తారు ఊడిపోతుంది.

ఆపైన రంగు. తెల్ల పట్టీల్లో సన్నని గాజుపూసలు సగం దాకా కూరుకుని ఉంటాయి. హెడ్‌లైటు వెలుగు పూసలోకి దూరి, వంగి, వెనకున్న రంగుకు తగిలి, వచ్చిన దారినే డ్రైవర్ కంటికి తిరిగొస్తుంది. 1988 మార్గదర్శకాల ప్రకారం 40 మీటర్ల ముందే హెచ్చరిక బోర్డు ఉండాలి. వరసగా వేస్తే ఒకదానికొకటి 100 నుంచి 120 మీటర్ల దూరంలో ఉండాలి. అప్పుడే మధ్యలో మళ్లీ వేగం అందుకోవడానికి చోటుండదు.

ఇక మిగిలింది డ్రైవర్ పని. బోర్డు చూడగానే యాక్సిలరేటర్ వదలాలి. హంపు చేరేలోపే వేగం తగ్గించి, చక్రం ఎక్కే ముందు బ్రేకు మీద నుంచి కాలు తీసేయాలి. బ్రేకు తొక్కి ఉంటే బరువు ముందుకు తూలి ముందు స్ప్రింగులు నొక్కుకుపోతాయి, కుదుపు మింగే చోటు వాటికి ఉండదు. ద్విచక్ర వాహనం హ్యాండిల్ తిప్పకుండా నిటారుగా దాటాలి.

కాలనీలో స్పీడ్‌బ్రేకర్ కావాలని అర్జీ పెట్టేవారు వెడల్పు, ఎత్తు, వంపు వ్యాసార్ధం అనే మూడు కొలతలూ అందులో రాయాలి. పని పూర్తయ్యాక సరిచూడడానికి మేస్త్రి దగ్గరుండే నూలుదారం, టేపు చాలు. పిల్లల్ని కాపాడే హంపు, నడిపేవారికి కూడా మర్యాద ఇచ్చేదిగా ఉండవచ్చు. కొలతకు కట్టిన ప్రతి హంపూ అదే చేస్తోంది.